పని పుస్తకం

అంతటికీ మూలం ఒక్క మాట. "పని." ఆ మాట బదులు పుష్పవతి "ఆట" అనో "పాఠం" అనో అనుంటే, పోర్ట్‌బ్లెయిర్ శివారు ఆస్టినాబాద్‌లో ఆ బడి గది ఇంకా కొన్నాళ్ళు నిలిచేదేమో. కానీ మదరాసులో ఏడాది పాటు మాంటిస్సోరి ట్రైనింగ్ అయి, ఓడ దిగీ దిగడంతోనే ఆవిడ ఆ మాటే పట్టుకుంది. పిల్లవాడు చేసేది ఆట కాదు, పెద్దవాళ్ళు నెత్తిన రుద్దే పాఠమూ కాదు, అది వాడు తనకు తానుగా ఎంచుకున్న పని అని ఆవిడ వాదన. వాదనకేం, బాగానే ఉంది. వినేవాళ్ళెవరో కూడా చూసుకోవాలి కదా మనిషి!

పుష్పవతి పుట్టింది పోర్ట్‌బ్లెయిర్‌లోనే. తండ్రి జ్ఞానయ్యగారు తెలుగు క్రైస్తవ సంఘంలో ఆదివారం పాటలు పాడించేవాడు. ఆయన పోయాక ఆ ఇంటికి పెద్దదిక్కుగా నిలబడినవాడు జీవానందం. హార్బర్ ఆఫీసులో గుమాస్తా, సంఘం కమిటీకి సెక్రటరీ. రక్తసంబంధం ఏమీ లేదు. అయినా పుష్పవతికి ఆయన "అన్నయ్య". మదరాసు వెళ్ళమని పోరినది ఆయనే, ఓడ ఎక్కించిందీ ఆయనే. తిరిగి వచ్చాక సంఘం హాలు వెనక గది ఇప్పించి, "మొదటి పిల్ల మా ఇంటి నుంచే" అంటూ కూతురు సుందరిని చెయ్యి పట్టుకుని తెచ్చిందీ ఆయనే. అలాంటివాణ్ణి నమ్మక ఇంకెవర్ని నమ్ముతుంది?

ఆ గది చూస్తే బడి అని ఎవరూ అనుకోరు. ఆరేళ్ళ వాళ్ళ నుంచి పన్నెండేళ్ళ వాళ్ళ దాకా ఇరవై ఇద్దరు పిల్లలు, అందరూ ఒక్కచోటే. ఒకటో క్లాసు లేదు, ఐదో క్లాసు లేదు. బెంచీ లేదు, బెత్తం లేదు, మార్కులు అసలే లేవు. నేల మీద చాపలు, గోడ పొడుగునా అరలు. అరల నిండా కలప కోసే సా మిల్లులో వడ్రంగం చేసే గవరయ్య పడాక్ అనే ఎర్ర చెక్కతో చెక్కిచ్చిన సామాను, గోల్ ఘర్ బజారులో కొన్న పూసలతో పుష్పవతి తన చేత్తో గుచ్చిన గొలుసులు. పది పూసలు ఒక పుల్ల, పది పుల్లలు ఒక పలక. వెయ్యి పూసల గొలుసు పరిచారంటే గది దాటి, వరండా దాటి, మెట్ల దాకా పోయేది. చిన్నమ్మి అనే ఆరేళ్ళ పిల్ల దాని పక్కనే మోకాళ్ళ మీద పాకుతూ రెండు రోజుల పాటు లెక్కపెట్టి, చివరి పూస దగ్గర "వెయ్యి అంటే ఇంత దూరమా దీదీ!" అని అరిచింది. ఆ పిల్లకి వెయ్యి అంటే ఏమిటో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

పుష్పవతి ముగ్గురు నలుగురిని పిలిచి, పావుగంటలో ఒక సంగతి చూపించి పక్కకి తప్పుకునేది. ఆ తర్వాత పని వాళ్ళది. తప్పు చేస్తే తప్పని అనేది కాదు. పూస మిగిలిపోతేనో, లెక్క కాగితం వెనకున్న జవాబుతో సరిపోకపోతేనో వాళ్ళే తెలుసుకుని మళ్ళీ మొదలెట్టేవాళ్ళు. తొమ్మిదేళ్ళ పిల్ల చేసేది ఆరేళ్ళ పిల్ల పక్కన కూర్చుని చూసేది, రేపు తనూ చేసేది. ఇనుప ఓడ ఎందుకు మునగదని జోగులు అడిగితే జవాబు చెప్పకుండా, హార్బర్‌లో ఎవర్ని అడగాలో చెప్పి, ముగ్గురు పిల్లల చేతే ఉత్తరం రాయించి పంపింది. ఇక గది ఊడ్చుకోవడం, బల్లలు కడుక్కోవడం, ఇత్తడి సామాను తోముకోవడం కూడా వాళ్ళ వంతే. గది వాళ్ళది, శుభ్రమూ వాళ్ళదే అనేది. ఇవన్నీ పనులే ఆవిడ లెక్కలో.

సాయంత్రం ఇంటికి పోయిన పిల్లల్ని ఇళ్ళలో అడిగేవాళ్ళు, "ఏరా, ఇవాళ బడిలో ఏం చేశావ్?" అని.

"పని చేశా."

నిన్న? "నిన్నా పనే." రేపు? "రేపు పెద్ద పని ఉంది నానా, సగంలో ఉంది."

ఆస్టినాబాద్ అంతా ఒకటే గుసగుస. పిల్లనిస్తే టీచరమ్మ పనిపిల్లని చేసి పంపుతోందట అని కుళాయి దగ్గర ఒకటే నవ్వులు. ఆ నవ్వులు పుష్పవతి చెవిన కూడా పడ్డాయి. తనూ నవ్వేసి ఊరుకుంది. అదే ఆవిడ చేసిన పొరపాటు.

నవ్వనిది ఒక్క యర్రమ్మే. ఫెరార్గంజ్‌లో కూరగాయలు పండించే ముసలామె. మనవడు గోవిందు ఆస్టినాబాద్‌లో కూతురింట ఉండి ఈ బడికి వస్తున్నాడు. ఆగస్టు మొదట్లో ఒక పొద్దున్న బెండకాయల గంపతో తిన్నగా బడికి వచ్చిపడింది. గుమ్మంలోంచి చూస్తే ఏముంది? తన బంగారుకొండ చొక్కా చేతులు మడిచి, బకెట్టు పక్కన పెట్టుకుని, బ్రష్షుతో బల్ల రుద్దుతున్నాడు.

"ఓరి నాయనో! ఏటమ్మా, నువ్వు టీచరమ్మవా, మేస్త్రీవా? సదువుకి పంపినాం గానీ సాకిరీకి పంపినామేటి మా గుంటణ్ణి?" వీధి చివరి దాకా వినబడింది. "మా అయ్య కూలికని ఈ దీవికొచ్చినాడు. నాను రోడ్డు మీద రాళ్ళు కొట్టినాను. ఈడు కూడా అదే సెయ్యాలా? ఏల సెయ్యాలి?"

జనం గుమిగూడారు. పుష్పవతికి ముఖం ఎర్రబడింది గానీ కోపం రాలేదు. ఆ ముసలామె అడిగినదాంట్లో అన్యాయమేముంది?

"పెద్దమ్మా, తిట్టడం తర్వాత తిడుదువు గాని, ముందు కూర్చో. చాయ్ తాగు. పన్నెండు గంటల దాకా ఇక్కడే ఉండి చూడు. అప్పటికీ నచ్చకపోతే గోవిందుని నీ వెంటే తీసుకుపో."

యర్రమ్మ మూతి ముడుచుకునే కూర్చుంది. గోవిందు అవ్వ వంక చూసి ఒక నవ్వు నవ్వి, మళ్ళీ బల్ల రుద్దుకున్నాడు. కడిగాడు, తుడిచాడు, బకెట్టు బోర్లించాడు. ఎవరూ చెప్పకుండానే పూసల గళ్ళబల్ల తెచ్చుకుని చాప మీద పరిచాడు. రెండు వేల మూడు వందల నలభై ఆరుని ఇరవై నాలుగుతో గుణించాలి. పూసలు పేర్చాడు, జరిపాడు, మార్చాడు. జవాబు రాసుకుని, కాగితం తిప్పి చూసుకున్నాడు. కలవలేదు. పుష్పవతి అటు చూసి కూడా కదల్లేదు. వాడు బుర్ర గోక్కుని, మొదటి గడి నుంచి మళ్ళీ లెక్కపెట్టుకుంటూ వచ్చి, మూడో గడి దగ్గర "అరే!" అని నుదురు కొట్టుకున్నాడు. యాభై ఆరు వేల మూడు వందల నాలుగు. ఈసారి కలిసింది.

యర్రమ్మ ముక్కున వేలేసుకుంది. "ఎవురూ సెప్పకండానే తప్పు తెలిసిపోనాదేటి ఈడికి?"

"తెలిసిపోయింది పెద్దమ్మా."

"బల్ల కడగమని ఎవురు సెప్పినారు మరి?"

"ఎవరూ చెప్పలేదు. కుదురుగా కూర్చోవడం వాడికి వచ్చేది కాదు. బల్లలు కడుగుతూ కడుగుతూ నేర్చుకున్నాడు."

 ముసలామె లేచి, గంపలోంచి రెండు గుప్పిళ్ళ బెండకాయలు తీసి బల్ల మీద పోసి, "మా గుంటడు ఇక్కడే ఉంటాడు" అని వెళ్ళిపోయింది. అయితే ఆవిడ అరిచింది వీధంతా విన్నారు. బెండకాయలు పోసింది మాత్రం పిల్లలు తప్ప ఎవరూ చూడలేదు.

సంగతి కమిటీ దాకా పోయింది. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సభ, గది ఉంచాలా తియ్యాలా అన్న తీర్మానం. ఆ కబురు మోసుకొచ్చింది కూడా జీవానందమే.  ఆ గది లేకపోతే పుష్పవతికి ఇంకేముంది? పెళ్ళి చేసుకోలేదు, మదరాసులో ఉండిపొమ్మంటే ఉండలేదు.

"ఫికర్ చెయ్యకు చెల్లీ, నేను లేనా?" అన్నాడు జీవానందం వరండాలో కుర్చీ లాక్కుంటూ. "నీకేమో ముక్కు మీదే కోపం. సభలో ఆడవాళ్ళు లేచి వాదిస్తే పెద్దలు ఇంకా బిగుసుకుపోతారు. నువ్వు కూర్చో. నేను మాట్లాడతా. నువ్వు రోజూ రాస్తావు చూడు, ఆ పుస్తకం ఇలా ఇవ్వు. అందులోంచే చదివి వినిపిస్తా. బస్, నోళ్ళు మూతపడతాయి."

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. పిల్లలు ఇళ్ళకి పోయాక ఆవిడ రోజూ వరండాలో కూర్చుని ఒక్కొక్కరి గురించీ రాసేది. పిల్లలు దానికి పని పుస్తకం అని పేరు పెట్టారు. ట్రైనింగులో ఆవిడకి నూరిపోసిన నియమం ఒకటుంది. చూసింది రాయి, అనుకున్నది రాయకు. పిల్లవాడు తెలివైనవాడు అని రాయకూడదు, బద్ధకస్తుడు అనీ రాయకూడదు. ఏం చేశాడు, ఎంతసేపు చేశాడు, అంతే. అందుకని ఆ పుస్తకంలో ఒక్క మెచ్చుకోలు లేదు, ఒక్క వివరణ లేదు. అది అర్థం కావాలంటే ఆ గదిలో కూర్చుని చూసినవాళ్ళు పక్కనుండి చెప్పాలి. జీవానందం ఎన్నోసార్లు కూర్చుని చూశాడు. అందుకే పుష్పవతి వెనకా ముందూ చూడకుండా, కొత్త కాగితంలో చుట్టి మరీ ఆ పుస్తకం ఆయన చేతిలో పెట్టింది. "నువ్వున్నావు, నాకేం భయం అన్నయ్యా" అంది కూడా. పిచ్చిది.

ఆదివారం హాలు నిండిపోయింది. పాస్టరు కృపానందంగారు ప్రార్థన చేసి సభ మొదలెట్టారు. జీవానందం లేచాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. పుష్పవతి ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుంది. ముందు వరసలో జీవానందం భార్య ప్రేమావతి, పక్కనే సుందరి.

"నా సొంత మాట ఒక్కటి కూడా చెప్పను" అని మొదలెట్టాడాయన. "టీచరమ్మ చేతిరాతే చదువుతా. గోవిందు. పొద్దంతా బల్లలు కడిగాడు. లెక్కల దగ్గరికి పోలేదు. ఇది ఆరో రోజు."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పుష్పవతి ఇంకా ధైర్యంగానే ఉంది. ఇప్పుడు తర్వాతది చదువుతాడు, ఏడో రోజున వాడంతట వాడే పూసల దగ్గరికి వచ్చిన సంగతి చదువుతాడు అనుకుంది. ఆయన నాలుగు కాగితాలు తిప్పేశాడు.

"జోగులు. ఏ పనీ చెయ్యలేదు. కిటికీ దగ్గర నిలబడి హార్బర్ వైపు చూశాడు."

ఈసారి గట్టిగానే నవ్వారు. ఆ కిటికీ దగ్గరే కదా వాడికి ఓడ గురించి ప్రశ్న పుట్టింది! అది తర్వాతి పేజీలో ఉంది. ఆయన ఆ పేజీ తిప్పనే లేదు.

"ఇక నా కూతురే, సుందరి. పొద్దున్న గంటంబావు ఇత్తడి దీపం తోమింది." పుస్తకం దించి, గొంతు వణికించి, "అయ్యలారా, నా కూతుర్ని నేను అంట్లు తోమడానికి పంపానా?" అన్నాడు.

పుష్పవతికి అప్పుడు తెలిసింది.  లేచి నిలబడింది. "అన్నయ్యా, అది మొత్తం చదువు."

"చెల్లీ, ఒక్కటే చెప్పు. ఇది నీ చేతిరాతేనా, కాదా?"

"నాదే, కానీ..."

"అంతే. కూర్చో తల్లీ."

గుమ్మం దగ్గర నుంచి యర్రమ్మ గొంతు లేచింది. గోవిందు వెంటబెట్టుకొచ్చాడు. "సూడకండా ఏటేటో అనుకుంటన్నారు బాబూ, నాను సూసినాను! మా గుంటడు..."

"నువ్వేగా అమ్మా మొన్న సాకిరీ సాకిరీ అని వీధంతా గోల చేసింది?" అన్నాడు జీవానందం నవ్వుతూ.

"అది సూడకముందు మాటరా నాయనా!"

"సంఘస్తులు కానివాళ్ళు బయట ఉండాలి పెద్దమ్మా" అన్నాడు ఒక కమిటీ మెంబరు మర్యాదగానే. యర్రమ్మని బయటికి నడిపించారు.

జీవానందం జేబులోంచి టైపు చేసిన కాగితం ఒకటి తీశాడు. బెంచీలు, యూనిఫారం, ఒకటి నుంచి ఐదు దాకా వేరు వేరు క్లాసులు, ఇంగ్లీషు మీడియం. గదికి గది, హాలుకి హాలు, రెండూ ఆ కొత్త బడికే. హెడ్‌మాస్టరుగా బి.ఏ. పాసైన ఆయన బావమరిది. మేనేజరుగా ఆయనే. చేతులు లేచాయి. కాగితం చేతులు మారుతూ పుష్పవతి దాకా వచ్చింది. అడుగున తేదీ ఉంది, జూన్ పద్నాలుగు. యర్రమ్మ గుమ్మంలో అరిచింది ఆగస్టులో. కుళాయి దగ్గర నవ్వులు మొదలైంది జూలైలో. అంటే ఆ కాగితం టైపు చేసేనాటికి ఆవిడ మీద ఫిర్యాదనేదే లేదు. వరండాలో కుర్చీ లాక్కుని ఫికర్ చెయ్యకు చెల్లీ అన్ననాడు ఆ కాగితం ఆయన జేబులోనే ఉంది!

సభ అయ్యాక హాలు బయట ఆయన్ని పట్టుకుంది. "అన్నయ్యా, ఇదేం పని?"

"ఒక్క అబద్ధం చెప్పానా నేను? అన్నీ నీ రాతలే." ఆయన ముఖంలో సిగ్గు లేదు, కోపమూ లేదు. పిల్లకి నచ్చజెప్పినట్టు చెప్పాడు. "చూడు పుష్పా, నీ పద్ధతి మంచిదే. నాకు తెలుసు. కానీ రేపు ఈ పిల్లలకి ఉద్యోగాలు కావాలంటే సర్టిఫికెట్ కావాలి. ఆఫీసరు ముందు పూసలు పెడితే పడేస్తాడు. నీకు అన్యాయం చేస్తానా? రెండో క్లాసు టీచరు పోస్టు నీకే ఉంచాను. పిల్లలు నీకు అలవాటు కూడా."

"నా నోరు నువ్వే మూయించావు. నా పుస్తకం నువ్వే అడిగావు. నమ్మించి గొంతు కోశావు కదా!" అంది పుష్పవతి. ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది.  శత్రువైతే తలుపులేసుకుని ఉండేది, ఈయనకి తనే తలుపు తీసింది. దానికే ఎక్కువ మండింది.

సోమవారం పొద్దున్నే సామాను సర్దుకోవడానికి వెళ్ళింది. పిల్లలు అప్పటికే వచ్చేసి ఉన్నారు. వాళ్ళకి తీర్మానాలతో ఏం పని? చెప్పులు వరసగా విడిచి, ఎవరి చాప వాళ్ళు పరుచుకుని, శుక్రవారం ఎక్కడ ఆపారో అక్కడ మొదలెట్టేశారు. గోవిందు భాగహారానికి దిగాడు. చిన్నమ్మి నామవాచకాలకి గుర్తులైన నల్ల త్రికోణాలు ముందేసుకుని, ఒక కాగితం మీద పేర్లు కనబడ్డ చోటల్లా ఒక్కొక్కటీ పెట్టుకుంటూ పోతోంది. పుష్పవతి అట్టపెట్టె తెచ్చి కూడా, ఏ అర ఖాళీ చెయ్యాలో తోచక నిలబడిపోయింది. వాడుతున్న సామాను ఎలా తీస్తుంది?

తొమ్మిదింటికి జీవానందం వచ్చాడు. వెనకాల ఇద్దరు కూలీలు, మొదటి బెంచీ. "ఇదుగో నీ పుస్తకం, జాగ్రత్తగా తెచ్చా" అంటూ దాన్ని కిటికీ పక్క బల్ల మీద పెట్టి, బెంచీ ఎటు తిప్పాలో కూలీలకి చూపించసాగాడు.

సుందరి చాప మీద నుంచి లేచి వచ్చి ఆ పుస్తకం తీసింది. ఈ దీవుల్లో పుట్టిన పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు గానీ చదవమంటే తడబడతారు. సుందరి ఈ గదిలో రెండేళ్ళ పాటు అక్షరాలు పేర్చి పేర్చి నేర్చుకుంది. ఈస్టరుకి సంఘంలో వాక్యం చదివితే జీవానందమే కళ్ళు తుడుచుకున్నాడు. ఇప్పుడు ఆ పిల్ల పేజీలు తిప్పి, తన పేరు దగ్గర వేలు పెట్టి, గొంతెత్తి చదివింది.

"సుందరి. పొద్దున్న గంటంబావు ఇత్తడి దీపం తోమింది. తర్వాత పెద్ద భాగహారం తీసుకుంది. తప్పు వచ్చింది, తనే పట్టుకుంది. మళ్ళీ చేసింది. మళ్ళీ చేసింది. సరిపోయాక చిన్నమ్మిని కూర్చోబెట్టుకుని ఎలా చేసిందో చూపించింది."

గదిలో అందరూ తలెత్తారు. కూలీలు బెంచీ పట్టుకునే ఆగిపోయారు.

"నాన్నా, నిన్న నువ్వు దీపం దగ్గరే ఆపేశావు" అంది సుందరి. నిలదీసినట్టు కాదు. తెలియనిది అడిగినట్టే అంది.

"టైమ్ చాల్లేదు తల్లీ."

పిల్ల మళ్ళీ పుస్తకంలోకి చూసింది. వేలు కొంచెం జరిపింది. "కానీ నాన్నా, ఇది కూడా అదే గీత మీద ఉంది."

జీవానందం చూపు బెంచీ వైపు తిప్పేసుకున్నాడు. సుందరి తండ్రి ముఖం వైపు చూస్తూ నిలబడింది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ పిల్ల కింది పెదవి వణికింది. పుస్తకం మూసేసి గుండెలకి గట్టిగా పట్టుకుంది. ఆ మాట ఎవరో ఒకరు ఆయన్ని అడగాలని పుష్పవతి నిన్నటి నుంచీ రగిలిపోతూనే ఉంది. అడిగేది ఆయన కూతురు కాకుండా ఉంటే బాగుండేదని మాత్రం ఇప్పుడే తెలిసింది. గబగబా వెళ్ళి ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది.